గులాబీ కత్తిరించే నెల

వంద వెబ్‌సైట్లు చదివి రాస్తున్నానని పత్రికలో నేను రాసే తోటల శీర్షికలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నిజానికి మొదట కనబడిన ఒక్కదాన్నే చదివేవాణ్ణి. చలి తగ్గగానే గులాబీని మోకాలెత్తుకు కత్తిరించమని అందులో ఉంటే అలాగే రాశాను. ఎండలు ముదిరాక నరసాపురం నుంచి ఒకావిడ ఫోన్ చేశారు.

"మీరు రాసినట్టే కత్తిరించానండి. అంతా మాడిపోయింది. పోయిన మా ఆయన నాటిన మొక్కండి. వంద చదివారు కదా, ఒక్కదాంట్లోనూ మన ఎండ లేదాండి?"

ఆ పేజీ మళ్లీ తెరిచి, అది ఏ దేశంవాళ్లు రాశారో అప్పుడు చూశాను. అక్కడ మంచు కురుస్తుంది. చలి పోయాక వాళ్లకు చిగుళ్లు, మనకు వడగాడ్పులు.

"చదివింది ఒక్కటేనమ్మా. బతుకుతుందో లేదో ఇక్కణ్ణుంచి చెప్పలేను. రేపు వచ్చి వేరు చూస్తాను."

"రండి. పీకి మాత్రం చూడకండి," అన్నారావిడ.