కిటికీ కింది తుప్పు చుక్కలు

మా పెద్దమ్మ పోయిందన్న ఫోన్, నాగర్‌కర్నూల్లో నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుండగా వచ్చింది. చేసింది వనపర్తిలో ఆమె పక్కింటావిడ. పొద్దున్నే పాలు ఇవ్వడానికి పోతే ఇంటి తలుపు తీసే ఉందట, లోపల మనిషి లేదట. వాకిట్లో రేకుల కింద నిలిపిన పాత తెల్ల కారులో, ఎడమవైపు ముందు సీట్లో కూర్చుని ఉందట.

“పండుకున్నదేమో అనుకున్న బిడ్డా. కండ్లు తెరిచే ఉన్నయ్. ఎదురుంగ తొవ్వ చూస్తున్నట్టే ఉన్నది” అంది ఆవిడ.

డెబ్బై దాటిన మనిషి, ఏడాదిగా గుండె బాగాలేదు. చావు వార్త ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని తెలుసు. కానీ ఆ ఎడమవైపు సీటు మాట విన్నాక భుజాన ఉన్న సంచి కింద పెట్టేశాను. ఆ కారును ఇన్నేళ్లు పెద్దమ్మే నడిపింది. ఆ సీట్లో ఆమె కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. కూరగాయల సంచి కూడా అక్కడ పెట్టనిచ్చేది కాదు. ఎవరైనా ఎక్కబోతే వెనక కూర్చోమనేది. పెద్దనాయన కారు నడిపిన రోజుల్లో అది ఆమె చోటు.

డిగ్రీ చదివినన్నాళ్లూ నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అప్పటికే పెద్దనాయన లేడు. లేడంటే చనిపోయాడని కాదు, ఆ మాట ఎవరూ అనలేదు. ఒక వానాకాలం ఆయన కొల్లాపూర్ దాటి సోమశిలకు కారు వేసుకుని పోయాడు. పడవెక్కి కృష్ణ అవతలి ఒడ్డున ఉన్న స్నేహితుడి దగ్గర నాలుగు రోజులుండి వస్తానన్నాడు. అందుకే ఎవరూ వెతకలేదు. చెప్పిన గడువు దాటాక చూస్తే, కారు ఏటి ఒడ్డున ఏటవాలు మీద నిలబడి ఉంది. తలుపులు మూసే ఉన్నాయి. డ్రైవర్ వైపు అద్దం దించి ఉంది. తాళంచెవి దాని చోటనే ఉంది. అప్పటికి వానలు తెరిపిచ్చి ఎండలు గట్టిగా కాస్తున్నాయి. సీట్ల మీద దుమ్ము తప్ప ఏమీ లేదన్నారు. పడవవాళ్లు ఆ మనిషి తమ పడవ ఎక్కలేదన్నారు. స్నేహితుడు తన ఇంటికి రానే లేదన్నాడు.

ఆ తర్వాత మాటలు పుట్టాయి. ఎక్కడో ఇంకో సంసారం ఉందన్నారు. రాయచూరు బస్టాండులో చూశామన్నారు. అయిజలో ఒక పెళ్లికి పోతే, మొగుడు వదిలేసిపోయిన సిస్టరమ్మ అని పెద్దమ్మకు వినబడేలాగే చెప్పుకున్నారు. ఆమె దవాఖానలో నర్సు కాబట్టి ఊరందరికీ సిస్టరమ్మే. మా అమ్మ కూడా ఆ మాట నమ్మింది. బావ పేరెత్తితే శాపనార్థాలు పెట్టేది. పెద్దమ్మ మాత్రం ఎవరికీ ఎదురు చెప్పలేదు. పెద్ద బొట్టు పెట్టుకుని, పోలీస్ స్టేషన్ నుంచి తిరిగొచ్చిన ఆ కారునే నడపడం నేర్చుకుని, దాంట్లోనే డ్యూటీకి పోయేది. మల్దకల్ జాతరకు నన్ను కూడా దాంట్లోనే తీసుకుపోయింది.

స్టేషన్ ఆవరణలో వానకు తడిసీ తడిసీ ఆ కారుకు అక్కడక్కడ తుప్పు పట్టింది. ఏటా వానలు వెనకపట్టాక, సెలవు రోజున, పెద్దమ్మ దాన్ని కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కళ్లద్దాలు పెట్టుకుని చుట్టూ తిరిగేది. చక్రాల పైన, డిక్కీ అంచున, పైకప్పు చివర ఆవగింజంత చుక్కలు కనబడితే గోటితో తట్టి చూసేది.

“పైన గింత అగుపిస్తది, లోపల అరచెయ్యంత ఉంటది. ఉబ్బకముందే చూడాలె” అనేది.

పుండు కడిగినట్టే చేసేది ఆ పని. చుట్టూ రంగు పాడవకుండా దవాఖాన ప్లాస్టర్ అంటించేది. ఇనుము తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దేది. దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పలచగా పూసేది. మర్నాడు దాని మీద తెల్లరంగు. తొందరపడి తడి మీద రంగు వేస్తే లోపల జంగు పెరుగుతనే ఉంటదని నాకు పదిసార్లు చెప్పింది. ఓపిగ్గా ఉండటం నేను నేర్చుకున్నది ఆ వాకిట్లోనే. ఈరోజుకీ పిల్లల మోకాళ్లు పగిలితే నా చేతులు ఆమె చేతుల్లాగే కదులుతాయి.

ఆమె బాగుచేసిన చోట మళ్లీ తుప్పు వచ్చేది కాదు. ఒక్క చోట తప్ప.

డ్రైవర్ తలుపుకు బయటివైపు, అద్దం కింద, వరసగా నాలుగు చుక్కలు వచ్చేవి. ఎంత రుద్ది రంగు వేసినా వానాకాలం తిరిగేసరికి అవే నాలుగు, వాటి మధ్య అదే ఎడం. పెద్దనాయన ఎప్పుడూ చెయ్యి బయటకు పెట్టి, తలుపును పట్టుకుని బండి నడిపేవాడట. ఆయన చెమటకే అక్కడి రంగు చెడిపోయి ఉంటుందని నేను అనుకున్నాను. గద్వాలలో ఒక పెయింటర్ ఆ తలుపుకు మొత్తం కొత్త రంగు వేసి, ఇక రాదని మాటిచ్చాడు. మరుసటి వానలకు వచ్చాయి. తలుపే మార్చేద్దామమ్మా అన్నాడతను. పెద్దమ్మ మళ్లీ ఆ షాపు వైపు పోలేదు.

ఆ చుక్కలు రుద్దేటప్పుడు ఆమె పెదాలు కదులుతుండేవి. దేవుడి నామాలు చదువుకుంటోందనుకునేదాన్ని. ఒకసారి నేను డ్రైవర్ సీట్లో కూర్చుని, చెయ్యి బయటకు చాపి, సరదాగా నా వేళ్లు ఆ చుక్కల మీద పెట్టబోయాను. పెద్దమ్మ వచ్చి నా చెయ్యి మీద గట్టిగా కొట్టింది. ఆమె నన్ను కొట్టడం అదొక్కసారే.

డిగ్రీ ఆఖరి సంవత్సరం వానల్లో, ఆ తలుపు అద్దం లోపలికి జారి ఇరుక్కుంది. మెకానిక్‌ను పిలుచుకొస్తానంటే వద్దంది. గేటుకు గొళ్లెం పెట్టి, స్క్రూడ్రైవర్ తెచ్చి, తలుపు లోపలి అట్ట తనే విప్పింది. ఎన్నోసార్లు విప్పిన చేతుల్లా కదిలాయి అవి. అట్ట ఊడగానే తలుపు పొట్టలోంచి తడి ఇసుక జారింది. అందులో గోరంత నత్తగుల్లలు ఉన్నాయి. ఎండాకాలం ఏటి ఒడ్డున వచ్చే పచ్చివాసన వాకిలంతా పట్టింది.

ఇదేందని అడిగాను.

“ఏటి ఇసుక” అంది, చేట దగ్గరికి లాక్కుంటూ. “బండి ఇంటికొచ్చిన ఏడే ఇప్పి చూసిన. అద్దం కాడి దాంక ఉండె. అంత తీసేసిన. అయినా ఏటా జర జర వస్తనే ఉంటది.”

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఎవరూ చూడకముందే ఏరు పొంగి కారు కిటికీదాకా వచ్చింది. వచ్చి, వెనక్కి పోయింది. ఆ తర్వాత ఎండకు అన్నీ ఆరిపోయాయి. పెద్దనాయన ఎవరి కోసమూ పోలేదు, ఏరే తీసుకుపోయింది. ఆమెకు అది మొదటి ఏడాదే తెలుసు. మరి ఊరు అన్నేసి మాటలంటుంటే, సొంత చెల్లెలు కూడా తిడుతుంటే, ఎందుకు చెప్పలేదని అడిగాను.

ఆమె ఇసుక ఎత్తడం ఆపలేదు.

“చెప్తే ఏమైతది? దినాలు చేస్తరు. ఇడిచిపెట్టి పోయిండంటుండ్రు గద, అననీ. గట్లయితే ఎక్కడనో ఒకకాడ అన్నం తింటుంటడు.”

ఆ తర్వాత లేచి, బయటివైపు ఉన్న నాలుగు చుక్కలను తడిగుడ్డతో తుడిచింది. గరుకు కాగితం తీసుకుంది. పెదాలు కదిలాయి. ఈసారి నేను దగ్గరే ఉన్నాను కాబట్టి వినబడింది.

“ఇడువు. ఇంక ఇడువయ్యా.”

ఊరందరి ముందు ఆయన్ని బతికించుకున్న మనిషి, ఆ తలుపు దగ్గర ఆయనతో ఇలా మాట్లాడేది. నేను లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. ఆమె ఎవరికీ చెప్పొద్దని అడగలేదు. అడగకుండానే నేను చెప్పలేదు.

పోయిన ఏడు దసరా తర్వాత ఆమెకు నిలబడే ఓపిక లేకపోయింది. నేను వనపర్తి పోతే కుర్చీ వేయించుకుని వాకిట్లో కూర్చుంది. ఆ పని నన్ను చేయమంది. మిట్టమధ్యాహ్నం. కారు రేకంతా చెయ్యి పెట్టనీయకుండా కాలుతోంది. ఆ చుక్కలున్న చోట మాత్రం చల్లగా, కుండ పొట్టను తాకినట్టు తగిలింది. వెనక తడి ఇసుక ఉంటుంది కాబట్టి అని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత అట్ట విప్పి చూస్తే లోపల పొడిగా ఉంది.

నేను గట్టిగా రుద్దుతుంటే పెద్దమ్మ అంది: “మెల్లగ. నొస్తది.”

గరుకు కాగితాన్ని తేలిగ్గా పట్టుకున్నాను. కాసేపయ్యాక, తను పోయినంక అస్థికలు సోమశిలలో కలపమని చెప్పింది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆమె అటువైపు పోలేదు.

ఈ వానాకాలం అంత్యక్రియలు అయ్యాక, ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, అమ్మకు ఇసుక సంగతి చెప్పాను. అమ్మ మొదట నమ్మలేదు. నేను తీసుకుపోయి తలుపు విప్పి చూపించాను. అమ్మ మూలల్లో చేరిన ఇసుకను చిటికెడు తీసి అరచేతిలో పెట్టుకుని, అక్కా అని ఒక్క మాట అని, కారు పక్కనే కింద కూలబడింది. ఇద్దరికీ కలిపి దినాలు చేద్దామని ఆమే అంది.

మూడో రోజు అస్థికలు తీసుకుని అదే కారులో సోమశిలకు పోయాం. నడిపింది నేను. అమ్మా, మా ఆయనా వెనక కూర్చున్నారు. ముందు ఎడమ సీట్లో ఎర్రగుడ్డ కట్టిన కుండ ఉంది. ఆకాశం మూసుకుపోయి ఉంది కానీ చినుకు లేదు. నీటికి చాలా పైన, ఏటవాలు మీద కారు ఆపాను. రాయి అడ్డం పెట్టాం. మోకాళ్ల లోతు దిగి కుండ వదిలాం. కృష్ణ చెరువులా కదలకుండా ఉంది. అమ్మ నీళ్లలోకి వంగి, ఇన్నేళ్లు తిట్టిన మనిషిని బావా అని పిలిచి, తప్పయిందని చెప్పింది. పూలు ఎటూ పోకుండా మా ముందే తేలాయి.

మేం అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. వెనక్కి తిరిగేసరికి ఒడ్డు మాకు దూరంగా ఉంది. చెప్పులు విడిచిన చోటు కనబడలేదు. అల లేదు, చప్పుడు లేదు; మా కాళ్ల దగ్గర మాత్రం నీళ్లు ఇంకా మోకాళ్ల లోతే ఉన్నాయి. పైన జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తి ఉంటారని మా ఆయన అన్నాడు. ఆ మాట అంటూనే కారు వైపు చెయ్యి చూపాడు.

నీళ్లు కారు ముందు చక్రాల దాకా పోయి ఉన్నాయి. కాగితమంత పలచగా, మబ్బు రంగులో, చక్రాల చుట్టూ చేరుతున్నాయి.

“అప్పుడు గూడ గిట్లనే వచ్చినట్టున్నయ్” అంది అమ్మ, మెల్లగా.

మేమెవరమూ పరిగెత్తలేదు. నీళ్లు కారు కింద నుంచి అవతలికి పోయి, ముందుగా డ్రైవర్ తలుపు మీద, ఆ నాలుగు చుక్కల వైపు పైకి లేస్తూ ఉన్నాయి.