కావాలనే ఎక్కాను నాన్న లారీ

మా చిన్నప్పుడు... మామ్మ ఏ పనీ ఉత్తినే చెప్పేది కాదు. ముందు ఒక మాట తగిలించేది.

"తోము" కాదు... "ఒళ్ళొంచి తోము." "తిను" కాదు... "మనసెట్టి తిను." "ఒసే, ఆ సెంబు ఒడుపుగా అట్టుకోయే... పడేసినావంటే సూడు!"

పడేసేదాన్నే. అప్పుడు ఇంకో మాట వచ్చేది. "కావాలనే సేసినాది. నాను సూసినాను కదా... కావాలనే!"

మాది సాలూరు. నాన్న లారీ డ్రైవర్. నేను మాత్రం టై కట్టుకుని ఇంగ్లీష్ మీడియం స్కూలుకి వెళ్ళేదాన్ని. మిస్ బోర్డు మీద కేర్‌ఫుల్లీ, పేషెంట్లీ, డెలిబరేట్లీ అని రాసి, ఇవి యాడ్‌వెర్బ్స్ అన్నప్పుడు క్లాసంతా బిక్కమొహం వేసింది. నాకు లోపల్లోపల నవ్వొచ్చింది... ఇవన్నీ మా మామ్మ తిట్లే కదా అని! ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం నాకు అప్పట్నుంచే అలవాటు.

రెండో క్లాసులో ఉండగా ఎదురింటి డ్రైవర్ మావ ఘాట్‌రోడ్డులో పోయాడు. కునుకు పట్టిందట. కుళాయి దగ్గర ఆడవాళ్ళు అనుకుంటుంటే విన్నాను... "పక్కన మాటాడే మనిషుంటే బతికీవోడు."

ఆ వారంలోనే నాన్నకి రాయపూర్ లోడు తగిలింది. క్లీనర్‌కేమో జ్వరం.

"ఒక్కడివే ఏటెల్తావురా?" అంది మామ్మ.

"నానేటి సంటోడ్నా?" అని నాన్న నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ మాట్లాడే మనిషిని నేనే అవుదామనుకున్నాను.

మధ్యాహ్నం నాన్న అన్నం తింటుండగా లారీ ఎక్కాను. సీటు వెనక పడుకునే బల్ల ఉంటుంది, దాని కింద జాకీ, రెంచీలు పెట్టుకునే అర. అందులోకి ఒడుపుగా దూరాను. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, ఊపిరి బిగబట్టి... ఊరు దాటగానే బయటికొచ్చి నాన్న పక్కన కూర్చోవాలి. దారంతా కబుర్లు చెప్పాలి. అదీ నా ప్లాను.

నాన్న ఎక్కాడు. మడతపెట్టిన టార్పాలిన్ తెచ్చి సరిగ్గా ఆ అరకి అడ్డంగా పడేశాడు.

చీకటి... డీజిల్ వాసన... బండి కదిలిపోయింది.

కాళ్ళతో తోశాను. కదల్లేదు. ఉన్న బలమంతా పెట్టి తోశాను. అంగుళం కూడా జరగలేదు. "నాన్నా" అని పిలవబోయాను. నోరు తెరిచాను కూడా...

అప్పుడు గుర్తొచ్చింది.

మా వీధిలో బండి కదిలాక ఎవరూ వెనకనుంచి పిలవరు. అన్నం క్యారేజీ ఇంట్లో మర్చిపోయినా సరే, పిలవరు. ఒకసారి నేను టాటా చెబుతూ అరిస్తే మామ్మ నా నోరు మూసేసింది. "బయల్దేరినోడ్ని ఎనకనుండి పిలిస్తే పేనానికి ముప్పే!"

మరి నేనెక్కడున్నాను? నాన్నకి సరిగ్గా వెనకే.

పిలిస్తే నాన్న చచ్చిపోతాడు. పిలవకపోతే నేనిక్కడే ఉండిపోతాను... నాన్నని మెలకువగా ఉంచడానికి మాట్లాడదామని ఎక్కినదాన్ని, పెదాలు పళ్ళతో నొక్కిపట్టుకుని కూర్చున్నాను.

ఘాట్ మొదలైంది. మలుపు తిరిగినప్పుడల్లా జాకీ జారి వచ్చి నా కాలికి తగిలేది. ఒళ్ళంతా చెమట. ముందు సీట్లోంచి నాన్న ఆవలించడం వినిపించింది... కాసేపటికి మళ్ళీ... ఎదురింటి మావ గుర్తొచ్చాడు.

పిలవకూడదన్నారు గానీ, కొట్టకూడదని ఎవరూ అనలేదు కదా!

చేతికందిన రెంచీ తీసి రేకు మీద కొట్టాను. ఆగి ఆగి... పనిగట్టుకుని... టంగ్... టంగ్...

"ఏటీ సప్పుడు? బండి కింద కమానేటైనా ఇరిగిపోనాదేటి?" తిట్టుకుంటూ నాన్న బండి పక్కకి ఆపాడు. దిగి కిందంతా చూసుకున్నాడు. టైర్లు తన్ని చూశాడు. చివరికి రెంచీ కోసం పైకొచ్చి టార్పాలిన్ లాగాడు.

"ఓలమ్మో!"

అంత పెద్ద మనిషీ సీటు మీద కూలబడిపోయాడు. నన్ను బయటికి లాగి, సీసాలో నీళ్ళన్నీ నా నెత్తి మీద పోసేశాడు.

"కూతెయ్యొచ్చు కదే! గొంతు పోనాదా?"

"ఎనకనుండి పిలిస్తే నువ్వు సచ్చిపోతావని మామ్మ సెప్పినాది..."

నాన్న నా కాలి మీద గీరుకుపోయిన చోట బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"కావాలనే ఎక్కినావా?"

"కావాలనే."

"అయితే ముందుకొచ్చి కూకో. మాటాడు మరి... నాకు నిద్దరొచ్చెస్తాది."

ఇంటికి ఫోన్ చేస్తే మామ్మ అరుపులు నా దాకా వినిపించాయి. రాయపూర్ వెళ్ళేదాకా నా నోరు మూతపడలేదు.

ఇప్పుడు మామ్మ లేదు. ఆ మాటలూ లేవు. నేనున్న కాలేజీ హాస్టల్లో అన్నిటికీ ఒకటే మాట... "సీరియస్‌గా". సీరియస్‌గా చదువు. సీరియస్‌గా రాయి. సీరియస్‌గా నిద్రపో అని కూడా అంటారేమో ఎప్పుడో.

ఏ ఊరో చెప్పను. ఈ పోస్టు ఎవరి ఫోన్లోంచి పెడుతున్నానో అడక్కండి.

గేటుకి తాళం... కిటికీలకి మెష్... ఆదివారం కాసేపు ఫోన్ ఇస్తారు, వార్డెన్ మేడం పక్కనే నిలబడతారు. "ఎలాగున్నావమ్మా?" అంటాడు నాన్న. "బాగున్నాను" అంటాను. ఇక్కడ ఉండలేకపోతున్నానని చెప్తే ఆ బెంగ పెట్టుకుని బండి తోలతాడు. ఆ భయంతోనే ఇన్నాళ్ళూ చెప్పలేదు.

ఈ ఆదివారం చెప్పాలి. ఏడుస్తూ కాదు, అరుస్తూ కాదు... నిబ్బరంగా. కానీ మొదటి మాట ఏమనాలో తెలియడం లేదు.

మీలో ఎవరైనా ఇంట్లోవాళ్ళు బెదిరిపోకుండా ఇలాంటి మాట చెప్పారా? ఎలా మొదలుపెట్టారో కింద రాయండి... ఆదివారం లోపు... ప్లీజ్.