ఒక్కసారికి ఒక్కటే మార్చండి

ఈ మధ్య ఎవరిదో పుస్తకం ప్రూఫులు దిద్దుతూ, పెన్సిలు గుర్తు ఒకటి తప్పుచోట పెట్టి, రబ్బరుతో గట్టిగా చెరిపాను. వేడెక్కిన రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. మామూలుగా ఆ వాసనకు ఎవరికైనా బడి గుర్తుకు రావాలి. ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి, నాకు బడి గుర్తుకు రాదు. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక పాత కాంప్లెక్సు, దాని మొదటి అంతస్తులో చివరి గది గుర్తుకొస్తాయి. అక్కడ ఒకావిడ కంప్యూటరు మెమరీ పలకను ఎడమచేత్తో పట్టుకొని, దాని పసుపురంగు అంచును పిల్లలు వాడే రబ్బరుతో నెమ్మదిగా రుద్దుతూ ఉండేవారు. ఆవిడ పేరు రహీమున్నీసా. నాకంటే పదిహేనేళ్ళయినా చిన్న. నాకు ఏదైనా నేర్పానని చెప్పుకోగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. అందులో ఆవిడే మొదటి మనిషి.

నేను అచ్చాఫీసులో కంపోజిటర్ని. సీసపు అక్షరాలు ఏరి వరసలు పేర్చినవాణ్ణి. తొంభైల్లో కంప్యూటర్లు వచ్చి సీసం తూకానికి పోయాక, కీబోర్డు నా అంతట నేనే నేర్చుకున్నాను. నేర్పమని అడిగితే ఇరవై ఏళ్ళవాళ్ళు నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ పేర్లతో సహా చెప్పగలను. కొన్నేళ్ళకు ఆ ప్రెస్సు కూడా మూతపడింది. మూసేసే రోజున యజమాని, ‘ఈ పాతది నువ్వే తీసుకుపోవయ్యా’ అని ఒక కంప్యూటరు నా చేతిలో పెట్టాడు. దాన్ని రిక్షాలో వేసుకొని ఇంటికి తెచ్చాను. రెండువేల నాలుగో ఐదో అయి ఉంటుంది.

మొదట అందులో పేకాట ఆడేవాణ్ణి. తర్వాత ఎవరో కారు పందెం ఆట ఉన్న సీడీ ఒకటి ఇచ్చారు. నాకు ఏ వాహనమూ నడపడం రాదు. నడిపే యోగమూ పట్టలేదు. తెరమీద కొండదారి, ఎర్రకారు చూసేసరికి యాభై ఏళ్ళు దాటిన మనిషిని కాస్తా పలకాబలపం పట్టుకున్నవాడిలా కూర్చున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, “సైకిలు తొక్కితేనే ఏలూరు కాలవలో పడ్డారు. ఇప్పుడు కారా! ఆ టీవీలోంచి ఇంట్లో పడకండి, ఇప్పుడే తుడిచాను” అంది. పడేటంత వేగం ఎక్కడ! ఆ కంప్యూటరుకు ఆట నడిపే శక్తి లేదు. కారు ఇక్కడుండగానే ఒక్క ఎగురు ఎగిరి అక్కడ కనిపించేది. ఆ మధ్యలోనే ఎప్పుడో లోయలో పడి ఉండేది.

షాపుల చుట్టూ తిరిగాను. అందరిదీ ఒకటే మాట: “ఇది ఇనపసామానుకి వేసెయ్యండి, కొత్తది తీసుకోండి.” మూత విప్పి చూసినవాడు ఒక్కడూ లేడు. చూడకుండా తీర్పు చెప్పేవాణ్ణి చూస్తే నాకు అప్పుడూ ఒళ్ళు మండేది, ఇప్పుడూ మండుతుంది. అలా మండుతూనే ఆ కాంప్లెక్సు మెట్లెక్కి చివరి గది ముందు నిలబడ్డాను.

లోపల మేకుకు నల్ల బురఖా తగిలించి ఉంది. రహీమున్నీసా గారు నన్ను చూసి, చేతి గాజులు తీసి స్టీలు డబ్బాలో పెట్టారు. కిటికీ ఇనపచువ్వను ఒకసారి ముట్టుకున్నారు. ఒంట్లో ఉండే కాస్త కరెంటూ అలా పోవాలట, లేకపోతే లోపలి భాగాలు పాడవుతాయట. తర్వాత స్క్రూడ్రైవర్ నా వైపు చాపారు.

“విప్పండి మాస్టారూ.”

“నేనా?”

“మీదేగా మిషను.”

“డబ్బులిచ్చేదీ నేనే, విప్పేదీ నేనేనా? ఇదెక్కడి న్యాయమమ్మా!”

“నేను విప్పితే లోపల ఏముందో నాకు తెలుస్తుందండి. ఇంటికి తీసుకెళ్ళేది మీరు గదా.”

ఎనిమిదో తరగతి వాణ్ణి మాస్టారూ అని పిలిచినందుకు మెత్తబడి విప్పాను. లోపల దుమ్ము పాత పరుపు చింపినట్టుగా ఉంది. “ముందు దాన్ని ఊపిరి పీల్చుకోనివ్వండి పాపం” అని ఒక బ్రష్షు ఇచ్చారు. సాయంత్రందాకా ఫ్యాను రెక్కలు తుడిచాను. ఉన్న మెమరీ పలక అంచుకు పట్టిన మురికిని రబ్బరుతో వదిలించి మళ్ళీ పెట్టించారు. పెద్ద ఖర్చేమీ లేకుండానే ఆట సగం కుదుటపడింది. మెమరీ ఇంకొకటి వేస్తే ఇంకాస్త బాగుపడుతుందని, అప్పటికీ చాలకపోతే బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు సంగతి చూద్దామని అన్నారు. కింద గేటు పక్కన బల్ల వేసుకున్న ఏడుకొండలు దగ్గర పాతవి చవగ్గా దొరుకుతాయని, మంచివే ఇస్తాడని కూడా చెప్పారు.

“కానీ ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మార్చి వారం ఆడండి. ఏం జరిగిందో కాయితం మీద రాసుకోండి. రెండోది ఆ తర్వాతే.”

“వారమా! నా వయసువాడికి వారమంటే ఎంతో తెలుసా అమ్మా?”

“తెలుసండి. ఏడు రోజులు.”

తరవాత నవ్వు ఆపుకొని వాళ్ళ నాన్న సంగతి చెప్పారు. ఆయన రేడియోలు బాగుచేసేవాడట. రెండు భాగాలు ఒకేసారి మార్చాక రేడియో పలికితే ఆయనకు సంతోషం ఉండేది కాదట. ‘రోగమేదో తెలియకుండా తగ్గింది, మళ్ళీ వస్తుంది’ అని దిగులుపడేవాడట. నేను తల ఊపాను. నాకు తెలిసిన విషయమే అన్నట్టు ఊపాను.

ఏడుకొండలుది బందరు అవతల సముద్రపు ఒడ్డు. చేపలు పట్టే కుటుంబం. తండ్రి పడవ మీదికి పోతే, తల్లి తట్టలో చేపలు పెట్టుకొని ఊళ్ళు తిరిగి అమ్మేది. ఇతను పడవ వదిలి బెజవాడ వచ్చి, ఆఫీసులు పారేసిన కంప్యూటర్లు కొని, పనికొచ్చే భాగాలు ఏరి అమ్ముకునేవాడు. మెమరీ అడిగితే, “ఓ అరగంట కూర్చోండి, ఇక్కడే పెట్టి నడిపి చూపిత్తాను” అన్నాడు. నాకు అరగంట ఎక్కడిది! పైగా బల్ల మీద గ్రాఫిక్స్ కార్డు కూడా కనిపించింది. రెండూ కొనేశాను. ఇంటికి పోయి, ఇప్పుడు నాకు విప్పడం వచ్చు గదా అన్న ధీమాతో రెండూ ఒకేసారి బిగించాను.

ఆట పరుగెత్తింది. కొండదారి నీళ్ళలా సాగింది. పావుగంట గడిచాక, మలుపులో, కంప్యూటరు టక్కున ఆరిపోయింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ పావుగంటే. నాకు అనుమానం ఎటు పోవాలి? పాత సరుకు, బల్ల మీది బేరం, మెమరీ కుళ్ళింది. ఇంకేం ఆలోచించలేదు. మర్నాడు పోయి, షాపులన్నీ తెరుచుకున్న వేళ, గేటు దగ్గర నిలబడి అరిచాను. ఆ పలకను అతని బల్ల మీదికి విసిరాను. అది జారి నేలమీద పడింది. అతను వంగి తీసుకొని చొక్కాకు తుడిచాడు.

“పెట్టి చూద్దామండి, ఇక్కడే” అన్నాడు.

“చూసేదేముంది! చచ్చిన సరుకు మీద మంచు పోసి అమ్మే పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది!”

ఆ మాట అనాలని నేను ఇంటి దగ్గర అనుకోలేదు. నోటికి వచ్చింది. వచ్చాక మాత్రం, బాగా అన్నాననే అనిపించింది. చుట్టూ చేరినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. ఏడుకొండలు గొంతు పెంచలేదు. “మా అమ్మ మొప్ప ఎత్తి చూపించకుండా ఏనాడూ చేప అమ్మలేదండి. నేనూ చూపిత్తానన్నాను. మీరే ఉండలేదు” అన్నాడు.

ఆ మెమరీ తీసేసినా కంప్యూటరు పావుగంటకోసారి ఆరిపోతూనే ఉంటే, నాలుగు రోజులకు దాన్ని మోసుకొని రహీమున్నీసా గారి గదికి పోయాను. కుర్చీలో కూర్చోకముందే అడిగారు.

“ఏమేం మార్చారు?”

“రెండూ.”

ఆవిడ సొరుగు తీసి, కాయితంలో చుట్టిన మెమరీ పలకను బల్ల మీద పెట్టారు. నేను విసిరినదే. “ఆ రోజే తెచ్చిచ్చాడు. చెడిపోయుంటే చెప్పక్కా, ఆయన డబ్బులు ఆయనకిచ్చేత్తాను అన్నాడు.”

“మరి చూశారా?”

“చూడలేదండి. మీరు లేకుండా చూస్తే మీరు నమ్మరు గదా.”

స్క్రూడ్రైవర్ మళ్ళీ నా చేతికే వచ్చింది. కార్డు తీయించి, ఏడుకొండలు మెమరీ ఒక్కటే పెట్టించారు. మధ్యాహ్నమంతా ఆట నడిచింది, ఒక్కసారీ ఆగలేదు. తర్వాత కార్డు పెట్టి, భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా మాత్రం ఆవిడ గదిలోది తగిలించమన్నారు. అప్పుడూ ఆగలేదు. చివరికి నా పాత డబ్బా తగిలించాను. పావుగంటకు టక్కున ఆరింది. ప్రెస్సు కాలంనాటి ఆ డబ్బా కొత్త కార్డు బరువు మోయలేకపోయింది, అంతే. ఏడుకొండలు ఇచ్చిన రెండు వస్తువుల్లోనూ లోపం లేదు. ఆ సంగతి ఎవరో చెప్పగా విన్నది కాదు. నా చేత్తో నేనే బిగించి, నేనే విప్పి, నేనే రుజువు చేసుకున్నాను. వాదించడానికి ఎదురుగా ఎవరూ లేరు.

అప్పుడు చెప్పారు అసలు విషయం. గేటు పక్కన ఆ బల్ల ఉండటం షాపులవాళ్ళకు మొదట్నించీ ఇష్టం లేదట. నా అరుపులు విని, ‘దొంగసరుకు గొడవలు కాంప్లెక్సుకి చెడ్డపేరు’ అని, శనివారంలోగా బల్ల తీసెయ్యమన్నారట. ఆ రోజు గురువారం.

“నేను వెళ్ళి అతనికి విడిగా చెప్తాలెండి” అన్నాను.

“మీరు విడిగా అనలేదుగా మాస్టారూ.”

“అయితే నన్ను నడివీధిలో నిలబడమంటారా? నా వయసేమిటి, నేనేమిటి!”

“ఎంత గొంతుతో అన్నారో అంత గొంతుతో చెప్పండి. అంతకన్నా ఎక్కువ నేనడగను” అని గాజులు వేసుకున్నారు. అంటే ఇక వెళ్ళమని.

కోపంతోనే ఇంటికి వచ్చాను. చిన్నదాని చేత చెప్పించుకోవలసి వచ్చిందే అని కోపం. అన్నం తినకపోతే మా ఆవిడ కారణం అడిగింది. అంతా విని, “కాలవలో పడ్డప్పుడు కూడా ఇలాగే, కాలవదే తప్పన్నారు” అని కంచం తీసేసింది.

శుక్రవారం పదకొండు గంటలకు పోయి గేటు మెట్టు మీద నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళు మిషన్ల చప్పుడు మీద అరిచిన గొంతు, అప్పుడు రాలేదు. ఏదో గొణిగాను. టీ కొట్టు ముందునుంచి ఒకడు, “వినపడట్లేదు సార్, వాల్యూం పెంచండి” అన్నాడు. పెంచాను. ఇతని సరుకు మంచిదే, తప్పు నా మిషనుది, తెలియక అరిచింది నేను అని మూడు ముక్కల్లో చెప్పాను. షాపులవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి విన్నారు. అయిపోయిందనుకొని దిగబోతుంటే, ఏడుకొండలు బల్ల వెనకనుంచి లేచి నిలబడ్డాడు.

“సరుకు సంగతి సరేనండి. ఆ మంచు మాట కూడా చెప్పండి.”

ఆ మాటను నేను మరిచిపోలేదు. వదిలేద్దామనుకున్నాను. వదిలేద్దామనుకున్నానని అతనికి తెలుసు. పైన వరండా కటకటాల దగ్గర రహీమున్నీసా గారు నిలబడి ఉన్నారు, తల ఎత్తకపోయినా నాకు తెలుస్తూనే ఉంది. మళ్ళీ మెట్టెక్కాను. ‘ఇతని పుట్టుకను అన్నాను, ఇతని తల్లి పనిని అన్నాను. ఆ మాట అనడానికి నాకు అర్హత లేదు’ అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

బల్లను తీసెయ్యలేదు. కానీ గేటు దగ్గర ఉంచనూ లేదు. కాంప్లెక్సు వెనక్కి, నీళ్ళ మోటారు పక్కకి జరిపించారు. అక్కడికి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు తక్కువ. నేను మాట వెనక్కి తీసుకున్నాను గానీ, అతని చోటు అతనికి తిరిగి రాలేదు. కొత్త డబ్బా కోసం రహీమున్నీసా గారు నన్ను అతని దగ్గరికే పంపారు. అతను మర్యాదగానే మాట్లాడాడు. కానీ ఆనాటినుంచి ఏది కొన్నా, దాన్ని తన ఎదుట అరగంట నడిపించి, నా చేత ‘బాగుంది’ అనిపించుకున్నాకే చేతిలో పెట్టేవాడు. మిగతావాళ్ళకు ఆ షరతు లేదు.

కొన్నేళ్ళకు రహీమున్నీసా గారు ఆ గది ఖాళీ చేశారు. తర్వాత ఎక్కడున్నారో నాకు తెలియలేదు. అందుకే ఆవిడ ఎలా ఉండేవారో, ఎరగనివాళ్ళ కోసం రాస్తున్నాను. నాకు కోపం తగ్గిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కరెంటాఫీసులో, బ్యాంకులో, పెళ్ళి బంతిలో ఇప్పటికీ అరుస్తాను. కాకపోతే అరుస్తూనే, చుట్టూ ఎవరెవరు వింటున్నారో చూసుకుంటాను, ముఖాలు గుర్తుపెట్టుకుంటాను. తప్పు నాదని తేలితే మళ్ళీ వాళ్ళందరి ముందూ నిలబడాలి గదా. ఈ లెక్కవల్ల నేను అరవడం మానలేదు. జనం ఎక్కువగా ఉన్నచోట మాత్రం, ముందు ఒకసారి మూత విప్పి చూస్తున్నాను.