తుకారాంను తన్నని ఒంటె

చిలకలగూడలో మా పక్కింటి తుకారాం స్కూలు యూనిఫాంలు కుడతాడు. ప్రతి ప్యాంటు అంచులోనూ నాలుగు వేళ్ల గుడ్డ ఎక్కువే మడిచి పెడతాడు. "పిల్లలు పెరుగుతరు తాతా, ఎనక ఇప్పుకోవచ్చు" అంటాడు. గల్లీలో పిల్లలందరి కొలతలూ అతని టేపుకు తెలుసు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా సొంత ఇంట్లో మాత్రం కొలవడానికి ఎవరూ లేరు. పిల్లల్లేరన్న మాట తల్లి లచ్చమ్మ కోడలు హిమజనే అనేది. కొడుకును ఎప్పుడూ అనలేదు.

పరీక్షలు చేయిస్తే, తుకారాం వీర్యంలో కణాలే లేవని తేలింది. వృషణం లోపల ఎక్కడైనా తయారవుతున్నాయేమో, చిన్న కోత పెట్టి, మైక్రోస్కోపు కింద వెతకాలన్నాడు డాక్టరు. ఆ ఆపరేషన్ అయ్యాక తుకారాం కాళ్లు ఎడంగా వేసి నడుస్తూ నా దగ్గరికొచ్చాడు.

"అమ్మకు ఏం చెప్పాలె తాతా? నువ్వే ఏదన్న కథ అల్లు."

చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు అబద్ధాలాడొద్దని ఎంత బుద్ధి చెప్పినా, కథ అడిగినవాళ్లను నేను వట్టి చేతులతో పంపలేను. బక్రీదుకు తెచ్చిన ఒంటె మారేడ్‌పల్లి మలుపులో తుకారాంను తన్నిందని లచ్చమ్మకు చెప్పాను. దానికి కోపమెందుకు వచ్చిందో కూడా చెప్పాను. లచ్చమ్మ ఒంటెను నోరారా తిట్టి, కొడుక్కి పసుపు పట్టు వేయబోయింది. తుకారాం తలుపు గడియ పెట్టుకున్నాడు.

నెల తిరగ్గానే అతని చెల్లెలు కల్పలతకు శ్రీమంతం. ముత్తైదువలు ఒక్కొక్కరే వచ్చి గాజులు తొడుగుతున్నారు. హిమజ లేవగానే లచ్చమ్మ మెల్లగా అంది: "నువ్వు జెర ఆగు బిడ్డా. పిల్లలున్నోళ్లను తొడగనీ."

హిమజ కూర్చుంది. ఆమెకిది అలవాటే. నా పక్క కుర్చీలోంచి తుకారాం లేచాడు.

"అమ్మా, నన్ను ఒంటె తన్నలే. తాత చెప్పింది ఝూటా. పిల్లల కోసం నాకే ఆపరేషన్ చేసిండ్రు. తక్లీఫ్ నాలనే ఉన్నది. హిమజకేం లేదు."

గాజుల చప్పుడు ఆగిపోయింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తుకారాం చెవులు ఎర్రబడ్డాయి గాని, కూర్చోలేదు.

"మరి డాక్టర్ ఏమన్నడు?" అంది లచ్చమ్మ.

"జెరన్ని కణాలు దొరికినయట. ఫ్రీజ్ చేసి పెట్టిండ్రు. పిల్లలైతరో కారో ఇంక తెల్వదు."

కల్పలత చెయ్యి చాపింది. "రా వదినా. నువ్వైతే నొప్పి లేకుంట ఎక్కిస్తవ్."

లచ్చమ్మ గాజుల పళ్లెం తీసుకెళ్లి కోడలి ఒళ్లో పెట్టింది. ఆమె మొహంలోకి చూడలేక నామీద పడింది.

"ఏందన్నా గిది! నెలంత ఆ ఒంటెను ఎంత తిడితిని!"

"ఒంటె ఏమనుకోదు లచ్చమ్మా," అన్నాను. "ఊకెనే తిట్లు పడ్డోళ్లు వేరే ఉన్నరు."

హిమజ తల ఎత్తలేదు. ఆడబిడ్డ మణికట్టు మీద ఆకుపచ్చ గాజును మెల్లగా, చాలా మెల్లగా ఎక్కిస్తోంది.