గోడ మీది పెండ్లికొడుకు

బోధన్‌ల పెయింటర్ నర్సింలును ఎరుగని దుకాణం లేదు. బండి నంబర్లు, కిరాణం బోర్డులు, ఎలక్షన్ గుర్తులు, ఏది అడిగినా రాస్తడు. ఎద్దును అడిగితే ముక్కుతాడుతో సహా ఏస్తడు. మనిషి మొఖం మాత్రం ఏయడు. బట్టల సేటు ఒకసారి చీర కట్టిన ఆడామె బొమ్మ కావాలంటే, మెడదాకా ఏసి కుంచె కడుక్కున్నడు. "గిదేం తమాషా నర్సింలూ, తలకాయ ఏదిరా?" అని సేటు మొత్తుకుంటే, "చీర మంచిగ కనవడుతుంది గద సేట్" అన్నడట. బజారంత నవ్విండ్రు. నవ్వుతే నవ్విండ్రు గని, ఆ చెయ్యి ఒకప్పుడు మొఖాలు ఎట్ల ఏసేదో చూసినోళ్లకు నవ్వు రాదు.

అరవై తొమ్మిదిల లేచిన తెలంగాణ లొల్లి సల్లవడ్డ మరుసటేటి ముచ్చట. నర్సింలుకు అప్పుడే మీసాలు వస్తున్నయి. ఆయన దోస్తు దేవిదాస్ నిజామాబాద్‌ల కాలేజీ చదివేటోడు, లోకాన్ని రేపటికల్ల మార్చాలెనని ఉడికిపోయే పిలగాడు. సెలవులకు వచ్చి చెవుల జోరీగ లెక్క పట్టుకున్నడు. "ఉపన్యాసాలు ఎవడింటడురా? పిల్లల పుస్తకాలల్ల గడులు గడులుగ బొమ్మల కథ వస్తది చూడు, గట్ల గోడల మీద ఏద్దాం. సదువు రానోనికి సుత సమజైతది."

చక్కెర ఫ్యాక్టరీకి పోయే బాటల ఒక పాత గోదాము ఉండె. చెరుకు బండ్లు తూకానికి ఆ గోడ పొంటనే వరుస కట్టి పొద్దంత నిలవడేవి. బండోళ్లకు బీడీ తాగుడు, గోడ దిక్కు చూసుడు తప్ప వేరే పని లేదు. జాజు, సున్నం, దీపం మసి కలుపుకొని పోరగాళ్లిద్దరు ముందుగాల సారా మీద కథ ఏసిండ్రు. "అరె, గీడు అచ్చం మన వెంకటి పడ్డట్టే పడ్డడు గదరా!" అని బండోళ్లు కడుపులు పట్టుకొని నవ్విండ్రు. తర్వాత చిన్నపిల్లల పెండ్లిండ్ల మీద ఏసిండ్రు. మూడోది జోగిని కథ.

జోగిని అంటే, పాలబుగ్గల ఈడుల పోచమ్మ దేవతకిచ్చి పెండ్లి చేసి ఇడిచిపెట్టిన ఆడపిల్ల. పేరుకు దేవత సొత్తు, బతుకేమో ఊరు పెద్దల పాలు. నర్సింలు వాడకట్టుల గంగమణి గట్ల అయినదే. జాతరల ఆడేది, మిగిలిన దినాలు చెరుకు కొట్టవోయేది. చంకల బిడ్డ, పేరు పోసాని. నర్సింలు పోయి అడిగిండు.

"నీ కథ ఏస్త. ఏమనుకోవు గద?"

"అయ్యింది ఏస్తే ఏమనుకుంట? మరి ఆఖరికి ఏమేస్తవ్?"

"పెండ్లి."

గంగమణి కొడవలి పక్కకు పెట్టి, మొదటిసారి ఆయన దిక్కు నిండ చూసింది.

ఆఖరి గడికొచ్చేసరికి పెండ్లికొడుక్కు మొఖం కావాలె. నర్సింలు చూసి ఏసేటోడు, ఊహించి ఏసుడు రాదు. "నీదే ఏయి, అద్దం ఉండనే ఉండె!" అన్నడు దేవిదాస్. ఇద్దరు పకపక నవ్వుకున్నరు. గడ్డం గీసుకునే అద్దం ఇటుకకు ఆనిచ్చి ఏసిండు. తాళి చేతుల పట్టుకొని గంగమణి ముందట నిలవడ్డ పెండ్లికొడుకు, అచ్చు గుద్దినట్టు నర్సింలే.

ఆ కథ చూసి చుట్టుపక్కల కొంతమంది తల్లిదండ్రులు బిడ్డల్ని జోగిని చేసుడు మానుకున్నరు. దేవిదాస్ మెడల దండలు వడ్డయి. మంచిదే. మంచిది కాదని ఎవడన్నడు?

కని గంగమణి ఆ గోడను నమ్మింది. ఆ ఏడు జాతరల ఆడనన్నది. పటేలు మనిషి వచ్చి పిలిస్తే తలుపు తియ్యలే. ఊరు ఇచ్చే గింజలు బందైనయి. చెరుకు కొట్టి చేతులు పుండ్లు చేసుకొని బిడ్డను సాకింది. నర్సింలు ఎదురైతే ఏం అడగకపోయేది, కొంగు సర్దుకొని జర సేపు నిలవడేది.

ఆయనకు మనసుల లేదా అంటే, అవ్వతోడు ఉండె. ఒకనాడు అన్నం కాడ తల్లి వెంకటవ్వ ముందట మాట తీసిండు. "గోడ మీద ఏసినవ్, ఏసుకో. నా పొయ్యి మాత్రం ముట్టనియ్య" అన్నదామె. కొట్లాడితే దిగొచ్చే మనిషే. ఈయన కొట్లాడలే. పైగ, తల్లి కాదన్నందుకు పానం నిమ్మలమైంది. గదే ఇప్పటికీ ఆయన్ని తింటది. దేవిదాస్‌ను అడిగితే ఇంకింత సక్కదనం: "మనం సంఘాన్ని మార్చాలె నర్సింలూ. ఎవల బొమ్మ ఏస్తే వాళ్లనల్ల పెండ్లి చేసుకుంట పోతమా?" చెప్పేటందుకే నీతులున్నయని ఊకెనే అన్నరా!

పోసాని పెరిగి బడికి పోయింది. ఒకనాడు నర్సింలు బోర్డు రాస్తుంటే గంగమణి వచ్చి నిలవడ్డది.

"మీ బాపు ఎవరని బడిల సారు అడిగిండట. నా బిడ్డ నీ బొమ్మ చూపిచ్చింది."

ఆయన చేతుల కుంచె ఆగిపోయింది.

"పిల్లలు నవ్వుతున్నరు. ఇన్నేండ్లల్ల నిన్ను ఒక్క మాటన్న అన్ననా?"

"అనలే."

"ఇయ్యాల అంటున్న. గోడ దిగిరా. లేకుంటే తుడిపెయ్యి."

ఆమె గొంతుల కోపం లేదు, ఉన్నా బాగుండేది. ఆ గడియల నోరు తెరిస్తే ముగ్గురి బతుకులు వేరే తీరుగ ఉండేటివి. నర్సింలు కుంచె రంగుల ముంచి బోర్డు మీది అక్షరం దిద్దవట్టిండు. ఆమె వెనకకు మళ్లి పోయింది.

తెల్లారి సున్నం బకిట పట్టుకొని గోడకాడికి పోయిండు. ముందుగాల బొమ్మల తన కండ్ల మీదనే పూసిండు, తర్వాత మీసాల మీద, తాళి పట్టిన చెయ్యి మీద. వెనకకు మళ్లి చూస్తే పోసాని, పలక సంకల పెట్టుకొని నిలవడి ఉన్నది.

"ఎందుకు తుడుస్తున్నవ్?"

"పాతగైంది బిడ్డా."

పిల్ల గోడ దిక్కు చూసింది, సున్నం చుక్కలు వడ్డ ఆయన మొఖం దిక్కు చూసింది. కుంచె గంగమణి బొమ్మ మీదికి పోతుంటే అడ్డం వచ్చింది.

"మా అవ్వను ఉండనియ్యి, పెయింటర్ సారూ."

ఉండనిచ్చిండు. తెల్లటి మరక ముందట గంగమణి ఒక్కతే తల వంచుకొని నిలవడ్డది. గోదాము కూలేదాకా బండోళ్లు ఆ బొమ్మ చూసి, "గీమె ఎవనికోసం నిలవడ్డదిరా?" అని ఒకరినొకరు అడిగేటోళ్లు. నర్సింలు మాత్రం ఎంత దూరమైనా సరే, చుట్టు తిరిగి వేరే బాటన పోయేటోడు.