క్యూషీట్‌కెక్కిన పాలస్తీనా ర్యాప్

పదవీ విరమణకు పద్నాలుగు నెలల ముందు నన్ను రాజమండ్రిలోని ఒక రేడియో కేంద్రంలో సాహిత్య విభాగం నుంచి యువజన విభాగానికి మార్చారు. ఉత్తర్వులో కారణం లేదు. కారణం నాకు తెలుసు. అంతకు ముందు వార్షికోత్సవంలో సిబ్బందికి శాలువాలు కప్పుతూ, నా వంతు వచ్చేసరికి స్టేషన్ డైరెక్టర్ గారు "అయిపోయాయండి, ఏమనుకోకండి" అన్నారు. ఆయన కారు వెనక సీట్లో ఇంకా రెండున్నాయి. ఆ సంగతి నోటితో చెబితే రాసివ్వమన్నారు, నేను రాతపూర్వకంగా తెలియజేశాను. అదీ నా నేరం.

కొత్త విభాగంలో నాకు ముందుగా వచ్చిన స్క్రిప్టు కాకినాడలో ఇంగ్లిష్ చెప్పే సత్యవేణి అనే లెక్చరర్‌ది. పాలస్తీనా ర్యాప్ మీద పావుగంట ప్రసంగం, మధ్యలో ఒక పాట. సభలూ పత్రికలూ అందని కుర్రాళ్లు మైకు పట్టుకుని, కూల్చిన ఇళ్ల గురించి, మూసిన దారుల గురించి అరబ్బీలో ప్రాస కట్టి ఎలా నిలదీస్తున్నారో రాసింది. పాటలో చెక్‌పోస్టు దగ్గర సైనికుడు రోజూ అడిగే ప్రశ్నలే పల్లవి: పేరేంటి, ఎక్కడి నుంచి, ఎందుకు.

"మీకు ఇది ఎలా తగిలిందమ్మా?" అని అడిగాను.

"మాది చేపల వేట కుటుంబమండి. ఒడ్డున ఎవరో గోడ కట్టాక, మా నాన్న తన పడవ దగ్గరికి వెళ్లాలన్నా గేటులో కార్డు చూపించాలి. అదీ ఇదీ ఒకటని కాదు సార్. పల్లవి మాత్రం వెంటనే అర్థమైంది."

మా పద్ధతి ప్రకారం పాటకు తెలుగు అనువాదం జతచేసి డైరెక్టర్ గారి ఆమోదం తీసుకోవాలి. ఫారంలో నాలుగే గడులు: శాస్త్రీయం, లలితం, జానపదం, సినిమా. నేను జానపదంలో టిక్కు పెట్టాను. ఆయన ఏ కాగితమూ చదవరు. చీటీ అంటించిన చోట సంతకం పెడతారు. పెట్టారు. రికార్డింగు అయింది. ఏ అంశం ఎన్ని గంటలకో చూపే క్యూషీట్‌లోకి పాట ఎక్కింది.

ప్రసారం రోజు పొద్దున రేడియోలో ప్రకటన విని డైరెక్టర్ గారు నన్ను పిలిపించారు.

"ఏంటండీ, ఇది జానపదమా?"

"జనం తమ బాధ తామే పాడుకుంటున్నారండి. సినిమా గడిలో వేయమంటారా?"

"వేళాకోళం వద్దు. పాట తీసేయండి, ప్రసంగం ఉంచండి."

సత్యవేణికి ఫోన్ చేసి చెప్పాను. "అయితే నా మాటలు కూడా తీసేయండి సార్. వాళ్ల నోరు మూసి వాళ్ల గురించి నేను మాట్లాడనండి" అంది.

ఆమోదించిన రికార్డింగులో కోత పెట్టాలంటే, అభ్యంతరకరమైన వాక్యాన్ని ఉదహరిస్తూ లిఖిత ఆదేశం ఉండాలి. తెల్లకాగితం, పెన్ను పట్టుకుని వెళ్లాను.

"అలాగే తీసేస్తానండి. రాసివ్వండి."

"నోటితో చెబితే చాలదా?"

"శాలువా సంగతి నోటితో చెబితే మీకు చాలలేదు కదండీ."

ఏ వాక్యమో రాయాలంటే పాట వినాలి. వింటే, వినకుండా సంతకం పెట్టినట్టు ఒప్పుకోవాలి. మధ్యాహ్నం లోపు మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ అదే కాగితం తీసుకెళ్లాను. నాలుగోసారి పిలవలేదు. సాయంత్రం ఐదున్నరకు పాట మొత్తం ప్రసారమైంది.

మర్నాడు నాకు డైరెక్టర్ గారి మెమో వచ్చింది: ఎవరు అనుమతించారు, ఎప్పుడు, ఎందుకు? డ్యూటీ రూంలో పైకి చదివాను. అనౌన్సర్ సుబ్బలక్ష్మి గారు బల్ల మీద దరువు వేస్తూ, "పల్లవి అచ్చం అదేనండీ బాబూ!" అన్నారు. ఆయన సంతకమున్న ఫారం నకలు జతచేసి జవాబు పంపాను.

నెలన్నరకు, జానపదంలో కొత్తదనం చూపినందుకు పైఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది, డైరెక్టర్ గారి పేరిట. ఆ పాట తన ప్రత్యేక ఎంపికని ఆయన బదులు రాశారు. సన్మానంలో ఆయనకు శాలువా కప్పారు. నాకు ఈసారీ లేదు. ఆయన రాసిన ఆ బదులు నకలు మాత్రం తీసి మెమో వెనకే ఫైలులో కుట్టాను.

ముప్పై ఏళ్ల నౌకరీలో నాకు తెలిసిందింతే. అధికారి నోటితో వద్దన్నదాన్ని కాగితం మీద వద్దనలేకపోతే, అది ఆమోదమైనట్టే. సత్యవేణి ఎంచిన పాట ఇప్పటికీ ఆ కేంద్రం రికార్డుల్లో జానపదం కిందే ఉంది. మార్చాలంటే రాసివ్వాలి.