మా పిల్ల నోట పరాయి గొంతు

జనగామ కాలేజీలో నేను స్త్రీవాదం పాఠాలు చెబుతాను. మా చెల్లెలి లెక్కలో అందులో స్త్రీ తక్కువ, వాదం ఎక్కువ. ఆడతనం పుట్టుకతో రాదని, నేర్పితే వస్తుందని సినిమాలు చూపించి మరీ వివరిస్తుంటాను. నేర్పేవాడు డ్రోన్ పట్టుకుని మన ఇంటికే వస్తాడని మాత్రం ఏ పుస్తకమూ హెచ్చరించలేదు.

చెల్లెలి కూతురు మహబూబాబాద్‌లో నర్సు. వార్డు మొత్తానికి వినబడే గొంతు. "ఏం అవ్వా, గోలీ మింగినవా, దిండు కింద పెట్టినవా?" అని అడిగితే దాచిన గోలీలు వాటంతటవే బయటికొచ్చేవి. భూపాలపల్లి అబ్బాయితో పెళ్లి కుదిరింది, ప్రీవెడ్డింగ్ షూటింగ్ పెట్టారు. కనీసం గొడుగు పట్టుకోవడానికైనా పనికొస్తానని తోడుగా నన్ను పంపారు.

కథ ఫొటోగ్రాఫర్‌ది. అబ్బాయి బండి అడ్డం పెడతాడు, పిల్ల కోప్పడుతుంది, తర్వాత సిగ్గుపడుతుంది. కోపం ఒక్క టేక్‌లో వచ్చింది.

"ఏంది, తొవ్వ నీ అయ్యదా? జరుగు!"

సిగ్గు మాత్రం సాయంత్రం దాకా రాలేదు.

"అక్కా, జర తల దించు. సిగ్గుపడు."

"నేనెందుకు సిగ్గుపడాలె తమ్మీ? బండి అడ్డం పెట్టింది ఆయన గదా!"

నేను ఏడాదంతా చెప్పే పాఠం ఒక్క ముక్కలో అయిపోయింది.

పెళ్లిలో ఆ వీడియోను పెద్ద తెర మీద వేశారు. పెదవులు మా పిల్లవే, గొంతు ఎవరిదో. "ఏంటండీ ఇది? దారివ్వండి, ప్లీజ్!" నేను వెళ్లి ఫొటోగ్రాఫర్‌ను పట్టుకున్నాను. అతనిది మహబూబాబాద్ పక్కనే కురవి, మాటా మా మాటే.

"డబ్బింగ్ చెప్పించిన మేడం. మనలెక్క మాట్లాడితే హీరోయిన్ అనిపియ్యది, పనిమనిషి అనిపిస్తది. పెండ్లి పిల్లగాడే చెప్పించుమన్నడు."

చప్పట్లు మోగాయి. "ఎంత ముద్దుగ మాట్లాడింది నా బిడ్డ!" అని చెల్లెలు కళ్లు తుడుచుకుంది. పెళ్లికూతురు తల దించుకుంది. సిగ్గుపడుతోందని అందరూ మురిసిపోయారు.

భూపాలపల్లి వెళ్లాక ఫోన్లు తగ్గాయి. మొన్న చేసింది. "బాగున్నారా పెద్దమ్మా? టిఫిన్ చేశారా?"

"ఏమైందే గొంతుకు? సర్ది అయిందా?"

గుసగుసగా అంది. "ఆయన ఈడనే ఉన్నడు. వీడియోల లెక్క మాట్లాడుమంటడు. తానానికి పోయినంక చేస్త."

చేసింది. ఈసారి పాత గొంతే. "పెద్దమ్మా, ఈడి దవాఖానల నర్సు కొలువు ఖాళీ ఉందట. పోతనని ఆయన్ను అడగాలె. గా డబ్బింగ్ గొంతుతోని అడిగితే నవ్వుతడు, నా గొంతుతోని అడిగితే కొట్లాట అంటడు. ఎట్లడగాల్నో నువ్వన్న చెప్పు."

ఇన్నేళ్లు వాదం నేర్పినదాన్ని, పాఠాల నోట్సు తిరగేయడం మొదలుపెట్టాను. అవతల స్నానాలగది గడియ తీసిన చప్పుడైంది.

"ఉంటానండీ," అంది మా పిల్ల.